దేవకమ్మ సగం నడిచిన సందు

ముందు బూట్ల చప్పుడు వినిపిస్తుంది.

నున్నటి సిమెంటు గచ్చు మీద రబ్బరు అడుగు కిర్రుమంటుంది. వంటింట్లో మొదలై నడవలోకి వస్తుంది, గడప దగ్గర ఒక క్షణం ఆగుతుంది, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి మళ్ళుతుంది. పుత్తూరు స్టేషను మీదుగా రైలు పోయేటప్పుడు ఆ చప్పుడు రైలు కింద మునుగుతుంది. రైలు వెళ్ళిపోగానే మళ్ళీ పైకి తేలుతుంది. విరిగిన చేతికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి ఎవరైనా ఉంటే, "లోపల పోలీసాయన ఉండాడా అప్పా?" అని అడుగుతాడు.

"కాదులే, నా పెండ్లాం," అంటాడు గోవిందయ్య, కట్టు మీంచి చూపు తిప్పకుండా. "కాళ్ళు ఈడుండాయి. మనిషి ఇంగా దిగలేదు."

ఆ తర్వాత దేవకమ్మ కనిపిస్తుంది. యాభై నాలుగేళ్ళ మనిషి. కుచ్చిళ్ళు బొడ్లో దోపిన నూలు చీర, చీర కింద కాన్వాసు బూట్లు. తిరుపతిలో కొన్నప్పుడు తెల్లనివే. ఐదుసార్లు సముద్రం దాటి వచ్చాక పసుపు, నూనె, ఎక్కడిదో మట్టి కలిసి వాటికి పేరులేని రంగు వచ్చింది. ఇంట్లో బూట్లేమిటని అడిగితే, "ఇప్పేస్తే కాళ్ళు మర్సిపోతాయి," అంటుంది. ఏం మరిచిపోతాయో చెప్పదు.

ఆమెకున్నది మలుపుల పిచ్చి. పెళ్ళైన కొత్తలో తిరుమల మీద ఒక క్యాంటీన్‌లో ఎనిమిదేళ్ళు వంట చేసింది. రోజూ ఘాట్ రోడ్డు బస్సులో ఎక్కడం, దిగడం. తక్కినవాళ్ళు కళ్ళు మూసుకుని గోవింద నామాలు చెప్పుకుంటూ, కడుపులో తిప్పితే నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చుంటే, ఆమె కిటికీలోంచి మెడ సాచి ముందుకు చూసేది. మలుపు అవతల ఉన్నది కొండే, ఆ తర్వాత ఇంకో మలుపే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా ప్రతి వంపు దగ్గరా గుండె ఒక మెట్టు ముందుకు దూకేది. తెలియడం వేరు, కంటికి ఆనడం వేరు.

అలాంటి మనిషిని చక్రధర్ విదేశాలకు తీసుకుపోయాడు. తిరుపతిలో అతనికి చిన్న యాత్రల ఆఫీసు ఉంది. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లల పెళ్ళిళ్ళు చేసి చేతులు దులుపుకున్న రైతు దంపతులు, మొత్తం నలభైమందిని పోగేసి పన్నెండు రోజులు ఫ్రాన్సూ, ఇటలీ ఉత్తర భాగమూ తిప్పి తెస్తాడు. అతని కరపత్రంలో కొండల బొమ్మ కంటే పెద్ద అక్షరాలతో ఉండేది ఒకటే మాట: మధ్యాహ్నం వేడి భోజనం. ఆ మాట నిలబెట్టడానికి బస్సు వెనకే ఒక వంట వ్యాను పోతుంది. వ్యాన్లో దేవకమ్మా, రేణిగుంట రైల్వే క్యాంటీన్‌లో ఇరవయ్యేళ్ళు చెయ్యి తిరిగిన జోయలూ.

ఏ ఊళ్ళోకీ వ్యాన్లను రానివ్వరు. ఊరి బయట బండ్లు ఆపే చోట నిలబడాలి. నలభైమంది గొడుగులూ ఫోన్లూ పట్టుకుని ఊళ్ళోకి వెళతారు. ఆమె ఎసరు పెడుతుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి అన్నం, సాంబారు, బీరకాయ లేకపోతే గుమ్మడికాయ కూర. వాళ్ళు తిన్నాక గిన్నెలు. గిన్నెలయ్యాక ప్రయాణం. అలా ఫ్రాన్సులోని కొల్మార్‌లో ఆమె చూసింది ఒక గోడ, గోడ మీద పూలకుండీ. అన్సీలో ఊరి మధ్యగా నీళ్ళు పారతాయన్నారు, ఆ నీళ్ళ చల్లదనం మాత్రం వ్యాను దాకా వచ్చింది. ఫ్రాన్సు నుంచి ఇటలీకి కొండ కడుపులోంచి పోయే సొరంగంలో "గోవిందా" అని అరిచింది. బయటికొస్తే మళ్ళీ బండ్లు ఆపే చోటే. ఊళ్ళన్నీ ఆమెకు వీపు వైపు నుంచే తెలుసు.

మొదటిసారి తిరిగొచ్చినప్పుడు ఎదురింటి సుబ్బులమ్మ, వెనక మరో నలుగురు ఆడవాళ్ళు అరుగు మీద చేరారు.

"సెప్పక్కా, ఏమేమి సూసినావు?"

దేవకమ్మ నోరు తెరిచింది. బండ్లు ఆపే చోటు అని ఎలా చెబుతుంది? అంతదూరం పోయి ఏమీ చూడలేదని ఏ ముఖంతో అంటుంది? ప్రయాణంలో ఒక టీచరమ్మ ఫోన్లో చూపించిన బొమ్మ గుర్తొచ్చింది.

"పూలచేన్లు," అంది. "వంకాయ రంగు. ఆకాశం దాకా అదే రంగు. నడస్తావుంటే చీరకు వాసన పడతాది."

"నడిచినావా?"

"నడిచినాను."

ఆ రోజు మొదలు. తరవాత ప్రతి ప్రయాణానికీ కొత్త కథలు. కొయ్య దూలాలు బయటికి కనిపించే రంగురంగుల ఇళ్ళు, మెట్ల మీద కూర్చుని వాయించే ముసలి పాటగాడు, పొడుగాటి రొట్టెను చంకలో పెట్టుకుని పోయే పెద్దమనిషి. అన్నీ బస్సు దిగినవాళ్ళ నోట విన్నవే. ఆమె చెబుతుంటే వీధి మొత్తం నిశ్శబ్దంగా వినేది. ఒకమ్మాయి స్కూల్లో వ్యాసం రాయడానికి వచ్చి ఆమె చెప్పింది రాసుకుపోయింది, బహుమతి కూడా తెచ్చుకుంది. ఆ రాత్రి దేవకమ్మకు ఎవరి కాళ్ళతోనో నడిచి తన పేరు చెప్పుకున్నట్టనిపించింది.

అన్ని ఊళ్ళలోనూ ఒక ఊరు మాత్రం ఆమెను వదల్లేదు. ఇటలీలో ఒక పెద్ద చెరువు గట్టున ఉంది. ఊరి పేరు ఆమె నోరు తిరగదు. బండ్లు ఆపే చోటుకు ఎదురుగా రాతి కమాను, కమాను కింద నుంచి ఒక సందు పైకి ఎక్కుతుంది. అరిగిన రాతి మెట్లు, రెండు వైపులా పసుపు గోడలు, కాస్త పైన ఎడమకు మలుపు. ఆ మలుపు దగ్గర మధ్యాహ్నం ఎండ పడి రాయి వెలుగుతుంది. నాలుగు ప్రయాణాల్లో ఆ సందులో ఆమె చూసినవి: ఒక పిల్లి, సైకిలు భుజాన వేసుకున్న మనిషి, నల్లబట్టల ముసలామె, మళ్ళీ అదే పిల్లి. అందరూ ఆ మలుపు దాకా ఎక్కి, ఎండలోకి అడుగు పెట్టి మాయమయ్యారు. ఆమె కూర కలుపుతూ చూసేది. మలుపు అవతల ఏముందో.

ఐదో ప్రయాణానికి ముందు చక్రధర్ ఆఫీసుకు పిలిచి చెప్పాడు. "అక్కా, వచ్చే సంవత్సరం నుంచి వ్యాను లేదు. ఆడనే మనవాళ్ళ హోటళ్ళతో మాట్లాడినాను. నువ్వు ఇంటి పట్టున ఉండచ్చు, కాళ్ళు నొప్పులంటావు గదా."

"నేనెప్పుడన్నాను?"

"అనలేదా?"

"అనలేదు. నిలబెట్టి ఉంచితేనే నొప్పులు."

ఇదే ఆఖరు అని తెలిశాక ఆమెకు కూర్చుంటే కుదురు లేదు. కాలుగాలిన పిల్లి నయం. ఒక్క సందు. ఒక్కటంటే ఒక్కటి తన కాళ్ళతో ఎక్కి, మలుపు దాటి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూడాలి. అప్పుడు సుబ్బులమ్మ ముందు కూర్చుని ఒక్క నిజమైనా చెప్పచ్చు. కానీ మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఉండాల్సిన మనిషి సందులోకి ఎలా పోతుంది?

దారి క్యాలెండరులో దొరికింది. ఆ ఊరు చేరే రోజు శనివారం. అదీ సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే పెరటాసి నెల శనివారం. చిత్తూరు సీమలో ఆ నెల శనివారాలకు ఒక్కపొద్దు ఉండి, పులిహోర, దద్దోజనం చేసి, వెంకన్న ముందు ఆకులో రాశిగా పోసి తళిగ వేసి నివేదన పెట్టుకోవడం ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. పులిహోర పొద్దున చేస్తే సాయంత్రం దాకా చెడదు. మధ్యాహ్నం పొయ్యి వెలిగించే పనిలేదు. చింతపండు పులుసు మూడు రోజుల ముందే ఫ్రాన్సులో ఉడికించి సీసాలో పెట్టుకుంది.

"వేడి భోజనం అని రాసినాము గదక్కా," అన్నాడు చక్రధర్.

"పెరటాసి శనివారం సామికి తళిగ వెయ్యకుండా సాంబారు పోస్తానని చెప్పరా నాయనా. నలభైమంది ఏమంటారో నువ్వే అడుగు."

అతను అడగనే లేదు. బస్సులో మైకు పట్టుకుని, ఈరోజు పెరటాసి శనివారం ప్రత్యేకంగా మీకోసం అని తన ఆలోచనగా చెప్పాడు. బస్సంతా గోవింద కొట్టింది. వ్యాన్లో జోయల్ ఆమె వైపు ఓరగా చూశాడు.

"దేవుణ్ణి అడ్డం పెట్టుకుని యాడికక్కా పోతావుండావు?"

"దగ్గిరికే. వడ్డించేది నువ్వు సూస్కో. ఒంటిగంటకంతా వస్తాను."

"మా ప్రభువు పేరు సెప్పి నేనిట్ల ఎప్పుడూ సెయ్యలేదబ్బా."

"నీకు సందు దొరకలేదులే జోయలూ."

పదకొండున్నరకు బూట్ల తాళ్ళు గట్టిగా బిగించి, ఫోను వ్యాన్లో చార్జికి పెట్టి మరిచిపోయి, ఆమె కమాను కిందకు నడిచింది. నీడ చల్లగా మీద పడింది. రాతి మెట్లు దూరం నుంచి కనిపించినదానికంటే నున్నగా ఉన్నాయి, మధ్యలో గిన్నెల్లా గుంటలు పడి ఉన్నాయి. ఎన్ని వందల ఏళ్ళ పాదాలో. కిటికీ నుంచి కిటికీకి కట్టిన తీగ మీద ఒక పిల్ల గౌను ఆరుతోంది. ఎక్కడో వెల్లుల్లి వేగుతోంది. నలుపూ తెలుపూ పిల్లి ఒకటి గుమ్మంలో కూర్చుని ఆమెను చూసింది. "నువ్వేనా," అంది దేవకమ్మ. పిల్లి కళ్ళు మూసుకుంది.

ఎండ పడే మలుపు ఇంకో పది మెట్లు. గుండె ఘాట్ బస్సులోలాగే దూకుతోంది. ఐదు మెట్లు. రెండు. తిరిగింది.

మలుపు దగ్గర సందు కొంచెం వెడల్పై చిన్న ముంగిలి అయ్యింది. ఒక పక్క పాత చర్చి గోడ. అక్కడ జనం ఉన్నారు, పొడుగు బల్లలు ఉన్నాయి, పేరు తెలియని పండగ ఏదో నడుస్తోంది. ముంగిలి అవతలి మూల నుంచి సందు మళ్ళీ మొదలై, సన్నగా పైకి వెళ్ళి, ఈసారి కుడికి తిరుగుతోంది. ఆమె చూపు నేరుగా అక్కడికి పోయింది. కానీ చెవి పోలేదు. చెవికి ఒక చప్పుడు తగిలింది. గుబుక్కు, గుబుక్కు. చిక్కబడుతున్న పిండి అడుగు నుంచి బుడగ కక్కే చప్పుడు.

చూసింది. మెడకు ఎర్ర రుమాళ్ళు కట్టుకున్న నలుగురు ముసలి మగాళ్ళు. మంట మీద ఇంత పెద్ద రాగి బాన. అందులో పసుపుపచ్చగా, మధ్యలో నల్లటి నలకలతో ముద్ద. మనిషెత్తు కట్టెతో ఒకాయన దాన్ని తిప్పుతున్నాడు. రాగులు కాదు, మొక్కజొన్న పిండిలా ఉంది. కానీ ఆ భుజం తిరగడం, ఆ నడుము వంగడం, ముద్ద అడుగంటకుండా కట్టెను బాన అంచుకు ఆనించి లాగడం. సంగటి. వాళ్ళమ్మ చేసింది, తను చేసింది, పుత్తూరు చుట్టుపక్కల ప్రతి పెళ్ళింట్లో చేసింది.

ఆ ముసలాయన తుమ్మాడు. కట్టె వదిలి జేబులో రుమాలు వెతుక్కోసాగాడు. కట్టె బానలో నిలువుగా ఆగిపోయింది. పక్కనున్న ముగ్గురూ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు.

దేవకమ్మ పుట్టిన చోట ఒక నియమం ఉంది. సంగటి కట్టె ఆగకూడదు, ఆగితే ఉండ కడుతుంది. ఎవరు దగ్గరుంటే వాళ్ళు అందుకోవాలి, చుట్టమైనా సరే, పరాయివాళ్ళైనా సరే. అందుకున్నవాళ్ళు ముద్ద దిగేదాకా వదలకూడదు. ఆమె ఆలోచించలేదు. రెండంగల్లో పోయి కట్టె పట్టుకుంది.

ముంగిలి అంతా చప్పున ఆగిపోయింది. ఎర్ర రుమాలు ఉన్నవాళ్ళు తప్ప ఆ కట్టెను ఇంకొకరు ముట్టరని, అందులోనూ ఆడమనిషి ఎన్నడూ ముట్టలేదని ఆ ముఖాలు చూడగానే ఆమెకు తెలిసిపోయింది. కానీ చేతులు అప్పటికే తిరుగుతున్నాయి. బూటుకాలు పొయ్యి ఇటుకకు తన్నిపెట్టి, నడుము దించి, అడుగు నుంచి పైకి, పైనుంచి అడుగుకు. తుమ్మిన ముసలాయన ముక్కు తుడుచుకుని బానలోకి తొంగి చూశాడు. ఆమె చేతుల్ని చూశాడు. బూట్లను చూశాడు. ఏదో అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

అక్కడే చిక్కు వచ్చిపడింది. అతిథి అందుకున్న కట్టెను మధ్యలో లాక్కోవడం మర్యాద కాదని వాళ్ళు అనుకున్నారు. పట్టిన కట్టెను మధ్యలో వదలడం పాపమని ఆమె అనుకుంది. పావుగంట అయ్యింది. ఆమె తిప్పుతూనే మూలనున్న సందు వైపు చూసింది. ఒక ఆడమనిషి చేతిలో గంపతో ఆ మెట్లెక్కి కుడికి తిరిగి మాయమైంది.

"ఎవురన్నా పట్టుకోండప్పా," అంది దేవకమ్మ. "నేను పోవల్ల."

వాళ్ళు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

"ఆ సందు సూడాలప్పా! ఒక్క నిమిషం!" గడ్డంతో చూపించింది. ఒకాయన అటు చూసి, తల ఊపి, సంతోషంగా ఇంత వెన్న, ఇంత జున్నులాంటిది తెచ్చి బానలో వేశాడు.

తిప్పింది. చెమట కళ్ళలోకి దిగింది. చర్చి గంట కొట్టింది. ముద్ద బాన నుంచి విడిపడే వేళకు అరచేతిలో బొబ్బ లేచింది. నలుగురూ పట్టి బానను పెద్ద చెక్క మీద బోర్లించారు. పచ్చటి సూర్యుడు ఆవిరి కక్కుతూ కూర్చున్నాడు. కత్తి ముట్టించలేదు, దారంతో కోశారు. మొదటి ముక్క ఆమెకు పెట్టారు. పొద్దుటి నుంచి ఒక్కపొద్దు. తళిగ పులిహోర కూడా ముట్టకుండా వచ్చింది. వేలితో ముద్ద మధ్య గుంట చేసి, పక్కనున్న చిక్కుడు గింజల పులుసు అందులో పోసుకుని తింది. ముసలాయన చూసి తన చెంచా పక్కన పెట్టి, తనూ వేలితో గుంట చేశాడు.

అప్పుడొచ్చాడు చక్రధర్. వగరుస్తూ, వెనక జోయల్‌తో.

"అక్కా! రెండున్నర! నలభైమంది బస్సులో కూర్సోని నా పేరు తలుస్తావుండారు! యాడికి పోయినావని ఎతకాల నేను? నీకేమన్నా..."

అతని చేతిలో ముసలాయన ఒక పళ్ళెం పెట్టాడు. చక్రధర్ తిట్టు మధ్యలో ఆగి పళ్ళెం చూశాడు, వాసన చూశాడు. నిలబడే తిన్నాడు, మొత్తం. పళ్ళెం తిరిగిచ్చి, "ఉప్పు తక్కువ," అన్నాడు. "పద."

మెట్లు దిగుతూ ఆమె వెనక్కి తిరిగి చూసింది. కుడి మలుపు మీదికి ఎండ జరిగింది.

పుత్తూరులో ఈసారి అరుగు మీద కూర్చుని ఆమె నిజం చెప్పింది. మెట్లు, పిల్లి, గౌను, సంగటి. ఉన్నది ఉన్నట్టు.

"సంగటా?" అంది సుబ్బులమ్మ. "పోవక్కా! ఆ దొరలు సంగటి తింటారా? మాకు తెలీదనుకుంటివా?"

"తిన్నాను మే. నేనే గెలికినాను."

"సంగటి గెలికేదానికి ఇమానమెక్కి పోయినావా? మా ఇంటికొస్తే నేనే ఇస్తును గదా కట్టె! అది గాదు, ఆ వంకాయ రంగు చేన్లు సెప్పు. ఈళ్ళ కోడలు వినలేదంట."

వాళ్ళు నవ్వారు. దేవకమ్మ లేచి లోపలికి పోయింది. నడవలో బూట్ల చప్పుడు మొదలైంది.

గోవిందయ్య వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ముప్పయ్యేళ్ళుగా ఎముకలు తడిమి చూసే వేళ్ళు. అరచేయి తిప్పి బొబ్బ చూశాడు. భుజం దగ్గర నొక్కాడు, ఆమె "అబ్బా" అంది.

"ఇది గరిటె బొబ్బ గాదు. కట్టె బొబ్బ. రెండు గంటల పైనే గెలికినావు." కాసేపు భుజం మీదే చెయ్యి ఉంచి నెమ్మదిగా అడిగాడు. "మరి ఆ చేన్లలో అంతంత దూరం నడిచినావంటివే. అప్పుడు మడమల్లో యాడా గుర్తు లేదే మే?"

ఆయన మళ్ళీ అడగలేదు. వేడి నూనె తెచ్చి భుజానికి రాశాడు.

అది జరిగి నాలుగు నెలలు. ఇంకొక్కసారి తీసుకుపొమ్మని వారానికోసారి ఆమె చక్రధర్‌కు ఫోను చేస్తుంది. "సూస్తాంలే అక్కా," అంటాడతను. అవునని అనడు, కాదనీ అనడు. ఈ కథ వినడానికి నేను వెళ్ళిన రోజున కూడా ఆమె కుర్చీలో పట్టుమని పది నిమిషాలు కూర్చోలేదు. సగం కథ నడవలో నడుస్తూనే చెప్పింది. ప్రయాణపు కాగితం మడతలు విప్పి ఊరి పేరు చూపించింది. నా ఫోనులో ఆ ఊరి పటం దొరికింది, కమాను దొరికింది. వేలితో జరుపుతూ పోతే సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది, మెట్టు మెట్టూ కనిపిస్తుంది. చూపించమంటారా అని అడిగితే బూట్ల చప్పుడు ఆగింది. దగ్గరికొచ్చి వంగింది. తెర మీద పసుపు గోడలు, పది మెట్లు, ఎండ, ముంగిలి, కుడి మలుపు. ఇంకొక్కసారి వేలు జరిపితే చాలు.

ఆమె అరచేయి వచ్చి తెర మీద పడింది. బొబ్బ మానినచోట చర్మం గట్టిగా ఉంది.

"మూసెయ్ సామీ, సూడొద్దు. నువ్వు సూసినా నాకు సెప్పొద్దు. ఎవురెవురో సూసింది సెప్పి సెప్పి నా నోరు పాడైపోయింది. ఆ మలుపు నేను పోవల్ల."